తప్పు ఇన్‌పుట్‌ను ఫంక్షన్ గడప దగ్గరే ఆపడం ఎలా?

"చెక్‌లు ప్రతి ఫంక్షన్‌లోనూ పెట్టాలా, ఒక్కచోట పెడితే చాలా? తప్పు విలువ వస్తే ఎర్రర్ ఇవ్వాలా, సున్నా రిటర్న్ చేసి ఊరుకోవాలా?" కోడింగ్ మొదలుపెట్టి ఏడాది, రెండేళ్లయినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను.

ఉదాహరణ అందరికీ తెలిసిన అప్పు లెక్కే. లక్ష రూపాయల అప్పు, పన్నెండు నెలల్లో తీర్చాలి, నెలకు కిస్తీ ఎంత? ఈ ఫంక్షన్ నేను మొదటిసారి రాసినప్పుడు మూడు పారామీటర్లు పెట్టాను: అసలు, వడ్డీ, కాలం. చెక్ ఒక్కటి కూడా పెట్టలేదు. వాడేవాళ్లు అలవాటు కొద్దీ "రెండు రూపాయల వడ్డీ" అనుకుని 2 కొట్టారు. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. నా ఫంక్షన్ దాన్ని ఏడాదికి 2 శాతం అనుకుంది. రావలసిన కిస్తీ 9,455.96 రూపాయలైతే, వచ్చింది 8,423.89.

ఆ రెండు అంకెలూ మళ్లీ చూడండి. రెండూ నిజంలాగే ఉన్నాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ప్రోగ్రామ్ కూలిపోయి ఉంటే ఆ పూటే తెలిసిపోయేది. నమ్మదగ్గట్టున్న తప్పు జవాబు మాత్రం ఎన్ని నెలలైనా లెక్కల్లో అలాగే కూర్చుంటుంది. ఇక్కడ చెప్పే పద్ధతంతా ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికే.

కావలసినవి

మీ ప్రాజెక్టులో నాలుగైదు చోట్ల నుంచి కాల్ అయ్యే ఒక ఫంక్షన్‌ను ఎంచుకోండి. కొత్తది రాయక్కర్లేదు, పాతదైతే ఇంకా మంచిది. ఒక కాగితం, పెన్ను. టెస్ట్‌లు నడిపే ఏర్పాటు (పైథాన్‌లో పైటెస్ట్, జావాలో జేయూనిట్, మీరు వాడేది ఏదైనా సరే). అన్నిటికన్నా ముఖ్యంగా, చేత్తోనో క్యాలిక్యులేటర్‌తోనో లెక్కగట్టి పెట్టుకున్న నాలుగైదు సరైన జవాబులు. అవి లేకుండా మొదలుపెట్టకండి. చివర్లో దేనితో పోల్చి చూసుకుంటారు?

ఒక మాట అర్థం తెలిస్తే చాలు: ప్రీకండిషన్. ఫంక్షన్ పని మొదలయ్యేసరికే నిజమై ఉండాల్సిన షరతు అది. షరతును తీర్చే బాధ్యత కాల్ చేసే కోడ్‌ది, తీర్చాక సరైన జవాబిచ్చే బాధ్యత ఫంక్షన్‌ది. 1969లో బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చారు. 1980లలో బెర్ట్రాండ్ మేయర్ తాను తయారు చేసిన ఐఫెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని ఒక భాగం చేశారు. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

నమూనాలన్నీ తెలుగులో రాశాను. మీ భాష కీవర్డ్‌లు మీరు వేసుకోండి.

1. ముందు ఒక్క వాక్యం రాయండి

కోడ్ తెరవకముందే కాగితం మీద రాయండి: "ఈ ఫంక్షన్‌కు ఇది ఇస్తే, ఇది ఇస్తుంది." ఆ వాక్యంలో "లేదా" వచ్చిందంటే ఆగండి. అక్కడ రెండు ఫంక్షన్లు ఒకదానిలో ఇరుక్కుని ఉన్నాయి.

మా కిస్తీ ఫంక్షన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బ్యాంకు అప్పులో ప్రతి నెలా తగ్గే బాకీ మీద వడ్డీ కడతారు. చాలా చిన్న ఫైనాన్స్ లెక్కల్లో ఫ్లాట్ వడ్డీ, అంటే మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ కడతారు. లక్షకు రెండు రూపాయల చొప్పున ఏడాదికి ఫ్లాట్ వడ్డీ 24,000. మొత్తం 1,24,000ను పన్నెండుతో భాగిస్తే కిస్తీ 10,333.33. తగ్గే బాకీ లెక్కలో అదే 9,455.96. ఈ రెంటినీ ఒకే ఫంక్షన్‌లో పెట్టి, చివర "ఫ్లాట్ అయితే ట్రూ" అని ఒక పారామీటర్ తగిలించడం చాలామంది చేసే పని. కాల్ చేసిన చోట చదివితే ఎలా ఉంటుందో చూడండి:

    కిస్తీ(100000, 24, 12, ట్రూ)

ఆ ట్రూ దేనికో ఫంక్షన్ తెరిచి చూస్తే తప్ప తెలియదు. రెండుగా విడగొట్టండి: ఫ్లాట్_కిస్తీ, తగ్గే_బాకీ_కిస్తీ. పేరు చదవగానే ఏ లెక్కో తెలుస్తుంది. ఇక్కడి నుంచి రెండోదాన్నే పట్టుకుందాం.

2. కొలమానాన్ని పేరులోనే పెట్టండి

"వడ్డీ" అంటే శాతమా, భిన్నమా? నెలకా, ఏడాదికా? "కాలం" అంటే నెలలా, సంవత్సరాలా? డాక్యుమెంటేషన్‌లో రాశానని తృప్తి పడకండి. అది తెరిచి చదివేవాళ్లు తక్కువ, పేరు మాత్రం అందరి కళ్లా పడుతుంది.

    తగ్గే_బాకీ_కిస్తీ(అసలు_రూపాయలు, వార్షిక_వడ్డీ_శాతం, నెలల_సంఖ్య)

కొలమానం తేడా వల్ల ఏమవుతుందో 1999 సెప్టెంబరు 23న నాసా చూసింది. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరుతూ ఆ రోజే నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలిచ్చింది, వాటిని అందుకున్నది న్యూటన్ సెకన్లు అనుకుంది. అంకె ఏ కొలమానంలో ఉందో ఆ అంకెను చూసి చెప్పలేం. మన 2 సంగతీ అదే.

ఇంకో ప్రమాదం, రెండు ఆర్గ్యుమెంట్లు తారుమారు కావడం. 24 శాతానికి 12 నెలలంటే కిస్తీ 9,455.96. పొరపాటున 12 శాతం, 24 నెలలుగా వెళితే 4,707.35. రెండు కాల్‌లూ పూర్తిగా చెల్లుతాయి. మీరెన్ని చెక్‌లు రాసినా ఈ తప్పు దొరకదు. దీన్ని ఆపగలిగేది ఇంటర్‌ఫేసే, అంటే ఫంక్షన్‌ను కాల్ చేసే తీరే. పైథాన్‌లో పారామీటర్ల జాబితాలో ఒక నక్షత్రం గుర్తు పెడితే దాని తర్వాతివాటిని పేరుతోనే ఇవ్వాలి:

    తగ్గే_బాకీ_కిస్తీ(అసలు_రూపాయలు=100000, వార్షిక_వడ్డీ_శాతం=24, నెలల_సంఖ్య=12)

కోట్లిన్‌లో కూడా పేరుతో ఇవ్వవచ్చు, కానీ తప్పనిసరి చేయలేరు. జావాలో ఆ సౌకర్యమే లేదు. అలాంటి చోట వడ్డీరేటుకు ఒక చిన్న టైప్ తయారు చేయండి. దానికి "నెలకు నూటికి" నుంచి, "ఏడాదికి శాతం" నుంచి అని రెండు దారులు పెట్టండి. అప్పుడు "రెండు రూపాయల వడ్డీ" అనేవాళ్లు మొదటి దారిలో వస్తారు, బ్యాంకు భాష మాట్లాడేవాళ్లు రెండోదానిలో వస్తారు. లోపల ఒకటే విలువ ఉంటుంది. ఇంత చిన్న లెక్కకు టైప్ ఎందుకని మీకు అనిపించవచ్చు. డబ్బు, తేదీ, దూరం, మందు మోతాదు, వీటిలో ఏది తగిలినా ఆ కష్టం దండగ కాదనే నా నమ్మకం.

3. కాగితం మీద షరతులు తేల్చుకోండి

అసలైన ఆలోచన అంతా ఈ అడుగులోనే ఉంది, తొందరపడకండి. ప్రతి పారామీటర్‌కూ రాగల వింత విలువలన్నీ రాయండి: సున్నా, రుణ సంఖ్య, చాలా పెద్దది, భిన్నం, ఖాళీ, అసలు సంఖ్యే కానిది. ఒక్కోదాని పక్కన రెండు మాటల్లో ఒకటి రాయండి: "తిరస్కరించు" లేదా "జవాబివ్వు".

నెలల_సంఖ్య సున్నా అయితే? సున్నా నెలల్లో తీర్చే అప్పుకు కిస్తీ అనే మాటకే అర్థం లేదు. తిరస్కరించు. మైనస్ 12 అయితే? సూత్రం ఏ గొడవా చేయకుండా 12 శాతం దగ్గర మైనస్ 7,884.88 అని జవాబిస్తుంది. అందుకే తిరస్కరించు. 12.5 అయితే? పదమూడో కిస్తీ సగమా? అర్థం లేదు, తిరస్కరించు.

వడ్డీ సున్నా అయితే? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సూత్రంలో వడ్డీ సున్నా వేస్తే సున్నాతో భాగించాల్సి వస్తుంది, పైథాన్‌లో అయితే ప్రోగ్రామ్ కూలుతుంది. వెంటనే "వడ్డీ సున్నా కన్నా ఎక్కువ ఉండాలి" అని చెక్ రాసేస్తారు. కానీ వడ్డీ లేని అప్పు నిజంగా ఉంటుంది. చేబదులు అదే కదా, దుకాణాల్లో సున్నా వడ్డీ వాయిదాలూ అవే. దానికి సరైన జవాబుంది: అసలును నెలలతో భాగించడం, లక్షకు 8,333.33. ఇది మీ సూత్రం ఇబ్బందే తప్ప వాడేవాళ్ల తప్పు కాదు. మీ సూత్రం ఇబ్బందిని వాళ్ల మీద షరతుగా రుద్దకండి. జవాబివ్వు.

వడ్డీ 60 శాతం అయితే? దారుణమే, కానీ అసాధ్యం కాదు. అరుదైనదాన్ని అసాధ్యమైనదానిగా లెక్కగట్టి ఎర్రర్ ఇస్తే, ఆ అరుదైన రోజు మీ ప్రోగ్రామ్ పనికిరాకుండా పోతుంది. అనుమానం ఉంటే లాగ్‌లో హెచ్చరిక రాయండి, పని ఆపకండి. 0.24 వచ్చినా అంతే. బహుశా ఎవరో శాతం బదులు భిన్నం ఇచ్చారు, కానీ పావు శాతం వడ్డీ చెల్లని విలువ కాదు. ఇక్కడ హెచ్చరిక, రెండో అడుగులో పెట్టిన పేరు, ఈ రెండే దిక్కు.

మీరు రాసిన షరతులు ఇవాళ్టి డేటాకు మాత్రమే నిజమా అని ఒకసారి అడుక్కోండి. 1996 జూన్ 4న ఏరియేన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, ఎగరడం మొదలయ్యాక సుమారు 40 సెకన్లకు పేలిపోయింది. 64 బిట్‌ల దశాంశ సంఖ్యను 16 బిట్‌ల పూర్ణాంకంలోకి మార్చే చోట విలువ పట్టలేదు. అందులో పట్టే గరిష్ఠ విలువ 32,767. ఆ కోడ్ ఏరియేన్ 4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్ వేగాలకు ఆ లెక్క సరిపోయేది, కొత్తదాని వేగం ఎక్కువ. మీ ఫంక్షన్‌ను కూడా ఎవరో ఒకరు ఇంకో ప్రాజెక్టులోకి తీసుకెళతారు. షరతు ఫంక్షన్ పైనే కనబడితే వాళ్లు ఆగి చూస్తారు.

4. చెక్‌లన్నీ పైన, పని కింద

    ఫంక్షన్ తగ్గే_బాకీ_కిస్తీ(అసలు_రూపాయలు, వార్షిక_వడ్డీ_శాతం, నెలల_సంఖ్య):
        నెలల_సంఖ్య పూర్ణాంకం కాకపోతే → టైప్ ఎర్రర్
        (నెలల_సంఖ్య >= 1) కాకపోతే → విలువ ఎర్రర్
        అసలు_రూపాయలు అనంతమైతే → విలువ ఎర్రర్
        (అసలు_రూపాయలు > 0) కాకపోతే → విలువ ఎర్రర్
        వార్షిక_వడ్డీ_శాతం అనంతమైతే → విలువ ఎర్రర్
        (వార్షిక_వడ్డీ_శాతం >= 0) కాకపోతే → విలువ ఎర్రర్

        వార్షిక_వడ్డీ_శాతం = 0 అయితే → అసలు_రూపాయలు / నెలల_సంఖ్య రిటర్న్
        మిగతా లెక్క

ముందు టైప్, తర్వాత హద్దు. క్రమం తిప్పితే "పన్నెండు" అనే మాటను 1తో పోల్చబోయి సంబంధం లేని ఎర్రర్ వస్తుంది.

"వడ్డీ < 0 అయితే ఎర్రర్" అని రాయకుండా "(వడ్డీ >= 0) కాకపోతే ఎర్రర్" అని రాశాను, గమనించారా? దశాంశ సంఖ్యల్లో "నాన్" అనే విలువ ఒకటుంది, "ఇది సంఖ్య కాదు" అని దాని అర్థం. దాన్ని దేనితో చిన్నదా, పెద్దదా, సమానమా అని పోల్చినా జవాబు "కాదు" అనే వస్తుంది. కాబట్టి "సున్నా కన్నా తక్కువా?" అని అడిగితే కాదంటుంది, మీ చెక్ దాటేసి లోపలికి వచ్చేస్తుంది. "సున్నా లేదా ఎక్కువా?" అని అడిగినా కాదంటుంది, కానీ ఈసారి బయటే ఆగిపోతుంది. ఏది రాకూడదో వెతక్కండి, ఏది రావాలో అడగండి. నాన్ ఎక్కడి నుంచి వస్తుందంటారా? ఎక్సెల్ షీట్‌లో ఖాళీగా వదిలేసిన గడిని పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ నాన్‌గా చదువుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఇవ్వడం మరిచిపోయిన ఆర్గ్యుమెంట్‌తో లెక్క చేసినా నానే.

పైథాన్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ ట్రూ అనేది కూడా పూర్ణాంకమే, విలువ 1. నెలల చోట ట్రూ ఇస్తే పూర్ణాంకం చెక్ దాటిపోయి ఒక నెల అప్పుగా లెక్క కడుతుంది. బూలియన్‌ను (ట్రూ, ఫాల్స్ విలువలను) విడిగా తిరస్కరించండి.

హెచ్చరిక: ఏ మార్పూ చేయకముందే చెక్‌లన్నీ పూర్తి కావాలి. ఒక ఖాతా నుంచి డబ్బు తీసేసి, ఆ తర్వాత రెండో ఖాతా ఉందో లేదో చూసే కోడ్ ఎన్నిసార్లు చూశానో. ఎర్రర్ సరిగ్గానే వస్తుంది, కానీ అప్పటికే డబ్బు పోయి ఉంటుంది.

5. ఎర్రర్ మాటల్లో మూడు సంగతులు ఉండాలి

ఏ పారామీటర్, ఏం ఉండాలి, ఏం వచ్చింది. "తప్పు ఇన్‌పుట్" అని రాస్తే రాత్రి పదకొండింటికి లాగ్ తిరగేస్తున్నవాళ్లకు ఏమీ తెలియదు. ఇలా రాయండి:

    "నెలల_సంఖ్య కనీసం 1 ఉండాలి, వచ్చింది: 0"

వచ్చిన విలువ పాస్‌వర్డో, ఆధార్ నంబరో అయితే దాన్ని మాత్రం సందేశంలో పెట్టకండి. లాగ్‌లు చాలామంది చేతుల్లోకి వెళతాయి.

ఏ రకం ఎర్రర్? పైథాన్‌లో రకం తప్పైతే టైప్ ఎర్రర్, విలువ తప్పైతే వాల్యూ ఎర్రర్. జావాలో ఇచ్చిన ఆర్గ్యుమెంట్ తప్పైతే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్. ఆర్గ్యుమెంట్ బాగానే ఉండి, ఆబ్జెక్టే ఇంకా సిద్ధంగా లేకపోతే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్. కోట్లిన్‌లో "రిక్వైర్" మొదటిదాన్ని, "చెక్" రెండోదాన్ని ఇస్తాయి. ఈ తేడా పాటించండి, తప్పు ఎవరివైపు ఉందో ఎర్రర్ పేరే చెబుతుంది.

ఇక "అసర్ట్" గురించి, అంటే షరతు నిజం కాకపోతే అక్కడే ఎర్రర్ ఇచ్చే ఆదేశం గురించి. ఒక్క లైన్‌లో అయిపోతుందని దాన్నే అన్నిచోట్లా వాడేవాళ్లున్నారు. పైథాన్‌ను ఆప్టిమైజ్ ఆప్షన్‌తో నడిపితే అసర్ట్‌లు అన్నీ మాయమవుతాయి. జావాలో అవి మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి, మనం ఆన్ చేయాలి. సీ భాషలో "ఎన్‌డీబగ్" పెట్టి కంపైల్ చేస్తే పోతాయి. బయటివాళ్లు ఇచ్చే విలువలను పరీక్షించడానికి అసర్ట్ పనికిరాదు. మీ సొంత లోపలి లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాడండి. పైథాన్‌లో అసర్ట్ షరతునూ సందేశాన్నీ కలిపి ఒకే బ్రాకెట్‌లో పెడితే అది ఎప్పుడూ నిజమే అవుతుంది, ఇక ఆ చెక్ దేన్నీ ఆపదు. కొత్త వెర్షన్లు హెచ్చరిస్తాయి, కానీ పాత కోడ్‌లో ఒకసారి వెతికి చూసుకోండి.

6. అన్ని ఫంక్షన్లలో కాదు, గడప దగ్గర

మొదటి ప్రశ్నకు జవాబిది. ఇంటి గడప ఒకటే, ప్రతి గదికీ కాపలా అక్కర్లేదు. బయటి కోడ్ కాల్ చేసే ఫంక్షన్లలో పూర్తి చెక్‌లు పెట్టండి. ఆ ఫైల్ లోపల మాత్రమే వాడుకునే చిన్న సహాయ ఫంక్షన్లలో వద్దు, కావాలంటే ఒక అసర్ట్ చాలు. ఒకే చెక్ ఐదు చోట్ల ఉంటే, షరతు మారిన రోజు నాలుగు చోట్ల మార్చి ఐదోది మరిచిపోతారు.

వినియోగదారులు టైప్ చేసే పాఠ్యం విషయం వేరు. దాన్ని ఫారం దగ్గరే అసలు విలువగా మార్చేయాలి, లెక్క కట్టే ఫంక్షన్ దాకా పాఠ్యంగా రానివ్వకూడదు. తెలుగు వాడేవాళ్లకు ఇక్కడ కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంగ్లిష్ పాఠాల్లో ఇవి కనబడవు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

"1,00,000" అని కామాలతో కొడితే పైథాన్ దాన్ని సంఖ్యగా మార్చదు, ఎర్రర్ ఇస్తుంది. కామాలు తీసేసి మార్చండి. తెలుగు అంకెల్లో "౧౨" అని కొడితే మాత్రం చక్కగా 12 అని చదువుతుంది! అంతా బాగుందనిపిస్తుంది, కానీ ఆ పాఠ్యాన్నే యథాతథంగా ఇంకో సిస్టమ్‌కు పంపితే అది అంగీకరించకపోవచ్చు. సంఖ్యగా మార్చాకే ముందుకు పంపండి.

పేరులో అక్షరాలే ఉండాలని "ఈజ్ఆల్ఫా" చెక్ పెడతారు. పైథాన్‌లో "రమ" ఆ చెక్ దాటుతుంది, "రాము" దాటదు. గుణింతపు గుర్తులను అక్షరాలుగా కాక వేరే తరగతిగా యూనికోడ్ లెక్కిస్తుంది. అంటే ఒక్క చిన్న చెక్‌తో దాదాపు అన్ని తెలుగు పేర్లనూ మీ ఫారం తిప్పి పంపేస్తుంది. పేర్ల మీద ఇలాంటి షరతే వద్దని నా సలహా. ఖాళీగా లేకుంటే చాలు.

పొడవు కూడా అంతే. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం. పైథాన్ లెక్కలో నాలుగు, యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా మార్చి దాచే పద్ధతి) బైట్లలో పన్నెండు. "పేరు 20 అక్షరాలు దాటకూడదు" అని రాసేటప్పుడు ఏ లెక్కో తేల్చుకోండి. డేటాబేస్ బైట్లలో కొలుస్తుంటే మీ చెక్ కూడా బైట్లలోనే ఉండాలి.

7. సరిచూసుకోండి

ముందుగా లెక్కగట్టి పెట్టుకున్న జవాబులు తీయండి. కిస్తీ ఫంక్షన్‌కు నేను వాడేవి ఇవి, అన్నీ లక్ష రూపాయల అసలుకు:

- 12 శాతం, 12 నెలలు: 8,884.88
- 24 శాతం, 12 నెలలు: 9,455.96
- 12 శాతం, 24 నెలలు: 4,707.35
- 12 శాతం, 1 నెల: 1,01,000
- 0 శాతం, 12 నెలలు: 8,333.33

ఒక నెల, సున్నా వడ్డీ, ఈ రెండూ తప్పనిసరి. హద్దు మీద ఉన్న విలువల దగ్గరే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. తర్వాత తిరస్కరించాల్సినవి: నెలలు 0, మైనస్ 1, 12.5, ట్రూ. వడ్డీ మైనస్ 1, నాన్, అనంతం. అసలు 0, నాన్. ప్రతిదానికీ ఎర్రర్ వచ్చిందా అని మాత్రమే చూడకండి. సరైన రకం ఎర్రర్ వచ్చిందా, సందేశంలో సరైన పారామీటర్ పేరు ఉందా, అదీ చూడండి. నాన్‌ను వేరే చెక్ పొరపాటున ఆపేసి, అసలు చెక్ పని చేయకపోయినా టెస్ట్ పచ్చగానే కనబడుతుంది.

జవాబు సరైనదో కాదో ఇంకో దారిలో కూడా తేల్చవచ్చు. 8,884.88 కిస్తీని నెల నెలా కట్టి చూడండి. మొదటి నెల వడ్డీ 1,000, అసలులోకి 7,884.88, మిగిలిన బాకీ 92,115.12. ఇలా పన్నెండు నెలలు నడిపితే బాకీ కొన్ని పైసల తేడాతో సున్నాకు చేరాలి. ఆ పైసలు గుండ్రం చేయడం వల్ల వచ్చేవి, చివరి కిస్తీలో సర్దుతారు. సున్నాకు సరిగ్గా సమానమా అని టెస్ట్ రాస్తే ఎప్పటికీ దాటదు.

ఆ తర్వాత, నేను ఎప్పుడూ వదలని ఒక పరీక్ష: చెక్‌లను ఒక్కొక్కటిగా కామెంట్ చేసి టెస్ట్‌లు నడపండి. ఒక చెక్ తీసేసినా టెస్ట్‌లన్నీ దాటుతున్నాయంటే ఆ చెక్‌కు టెస్ట్ లేదు. దాదాపు ప్రతిసారీ ఒకటి దొరుకుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

తప్పు విలువను గుట్టుగా సరిదిద్దడం. నెలలు 0 వస్తే 1 చేసేయడం, రుణ వడ్డీ వస్తే సున్నా చేసేయడం. సహాయం చేశామనుకుంటాం, నిజానికి సాక్ష్యాన్ని చెరిపేస్తున్నాం. మైనస్ 1, సున్నా, ఖాళీ విలువ రిటర్న్ చేయడమూ ఇదే కోవ. ఆ సున్నా తర్వాతి కూడికలో కలిసిపోతుంది, ఇక దాన్ని పట్టుకునే మార్గం లేదు.

ఫైల్ ఉందో లేదో ముందే చూసి, తర్వాత తెరవడం. చూసిన క్షణానికీ తెరిచిన క్షణానికీ మధ్య ఇంకో ప్రోగ్రామ్ దాన్ని తీసేయవచ్చు. కాల్ చేసేవాళ్ల చేతిలో లేనిదాన్ని ప్రీకండిషన్ చేయకండి. నేరుగా తెరవండి, తెరుచుకోకపోతే వచ్చే ఎర్రర్‌ను అందుకోండి. నెట్‌వర్క్‌కూ ఇదే వర్తిస్తుంది.

పైథాన్ జెనరేటర్‌లో చెక్ పెట్టడం. "యీల్డ్" ఉన్న ఫంక్షన్‌ను కాల్ చేసినప్పుడు దాని లోపలి ఒక్క లైన్ కూడా నడవదు, మొదటి విలువ అడిగినప్పుడే మొదలవుతుంది. కిస్తీల పట్టికను ఇలా రాస్తే, తప్పు నెలల సంఖ్య ఇచ్చిన చోట ఎర్రర్ రాదు. ఎక్కడో దూరంగా, పట్టిక ముద్రించే చోట వస్తుంది. బయట ఒక మామూలు ఫంక్షన్ పెట్టి అందులో చెక్‌లు చేసి, లోపలి జెనరేటర్‌ను అది రిటర్న్ చేసేలా రాయండి.

ఎర్రర్‌ను పుట్టించి, పైన ఎక్కడో "ఏ ఎర్రర్ వచ్చినా వదిలెయ్" అని పట్టుకోవడం. ఇన్ని అడుగుల కష్టం ఆ ఒక్క లైన్‌తో వృథా అవుతుంది. మీ ప్రాజెక్టులో అలాంటి లైన్లు ఉన్నాయేమో ముందే వెతకండి.

పాత ఫంక్షన్‌కు చెక్‌లు చేర్చేటప్పుడు

ఏళ్లుగా నడుస్తున్న ఫంక్షన్‌కు ఒక్కసారిగా ఎర్రర్‌లు పెడితే, ఇన్నాళ్లూ తప్పు విలువలతోనే ఎలాగో నడిచిన స్క్రీన్లన్నీ ఒకే రోజు ఆగిపోతాయి. మీ మార్పును వెనక్కి తీయించేస్తారు, మళ్లీ పెట్టనివ్వరు. అందుకని ముందు రెండు వారాలు అవే చెక్‌లను లాగ్‌లో హెచ్చరికగా రాయించండి. ఏ ఫైల్, ఏ లైన్ నుంచి కాల్ వచ్చిందో కూడా ఆ హెచ్చరికలో ఉండాలి. నెలాఖరు పనులు, జీతాల లెక్కలు లాంటివి ఉంటే ఆ తేదీ ఆ రెండు వారాల్లో పడేలా చూసుకోండి. వచ్చిన జాబితాలో ఒక్కో చోటా సరిచేయండి. కొన్నిచోట్ల తప్పు వాళ్లది కాదు, మీ షరతే ఎక్కువ కఠినంగా ఉందని తేలుతుంది. అప్పుడు మూడో అడుగులో రాసిన కాగితం తీసి ఆ షరతును మార్చండి. వరుసగా వారం పాటు హెచ్చరికలు ఒక్కటి కూడా రాకపోతే, ఆ చెక్‌ను ఎర్రర్‌గా మార్చండి. ఒక్కసారికి ఒక్కటే.